మూడో పిలుపుకే కదిలే పడవ

గుల్లలదిబ్బకు ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ ఉప్పుటేరు. చిట్టమూరు పోవాలన్నా, గూడూరులో రైలెక్కాలన్నా ఏరు దాటక తప్పదు. దాటించడానికి ఉన్నది మస్తానయ్య పడవ ఒక్కటే. అవతల గట్టుకు చేరినవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని "ఓ... పడవా!" అని కేకేస్తే, ఇవతల రేవులో మస్తానయ్య గెడ అందుకుని బయల్దేరేవాడు.

పగలైతే అంతే. పొద్దువాలి ఏటి మీద మసక దిగాక మాత్రం పద్ధతి వేరు. అవతలి మనిషి కనపడడు గనుక మస్తానయ్య ఒక కేకకు లేవడు. రెండో కేకకూ లేవడు. మూడోసారి కూడా వినపడితేనే పడవ కట్టు విప్పుతాడు. అతని తండ్రీ అంతే, తాతా అంతే. ఏట్లో పోయినవాళ్ళు కూడా పొద్దుగూకితే పడవను పిలుస్తారనీ, వాళ్ళకు మిగిలిన ఊపిరి రెండు పిలుపులకే సరిపోతుందనీ, మూడోది బతికున్నవాళ్ళు తప్ప పిలవలేరనీ ఆ ఊరి నమ్మకం. ఎప్పుడో ఒక పడవవాడు రెండు పిలుపులకే తొందరపడి పోయి తిరిగి రాలేదట. అందుకని ఆ ఊళ్ళో పిల్లలకు మాటలు వచ్చీరాగానే మూడుసార్లు పిలవడం నేర్పేవాళ్ళు.

హజరాబీ ఆ రేవు పక్కనే పుట్టి పెరిగింది. అయిదో తరగతి దాకా ఊళ్ళో బడి ఉంది. ఆరో తరగతికి ఏరు దాటాలి. దాటిన మొదటి వారమే పడవ ఒరిగి పలకాబలపాలు నీళ్ళపాలయితే, తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి తుంగపోచల కట్ట ముందు కూర్చోబెట్టాడు. ఆనాటి నుంచి ఆమె చాపలు అల్లుతూనే ఉంది. పొడుగు మనిషి. మాట తక్కువ. ఎవరింటికైనా చాప అమ్మడానికి పోతే పంచలో ఒక మూల కూర్చుని, వాళ్ళు బేరం ఆడుతుంటే వాళ్ళ మొహాలకేసి చూస్తూ ఉండేది. మొగుడు ఖాదర్ బాషా గూడూరులో అభ్రకం గోదాములో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. "నువ్వు మాట్లాడితే వినాలని రైలు దిగి పరిగెత్తుకొస్తే, నువ్వేమో చాపతో మాట్లాడతా ఉంటివి" అని నవ్వేవాడు.

ఆమె చెల్లెలు జైతూన్‌బీని ఏటి అవతలి ఊరికిచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వస్తూ, వచ్చిన బండి ఇసకలో దిగబడి ముందుకు కదలకపోతే, ఆ పిల్ల బండివాణ్ణి వెనక్కి పంపి గట్టుదాకా నడిచింది. అప్పటికి మసక పడింది. ఇవతల రేవులో హజరాబీ తుంగ నానబెడుతూ ఉంది. మస్తానయ్య పడవలో నీళ్ళు తోడుతున్నాడు.

"ఓ... పడవా..."

ఇద్దరూ తలెత్తారు. గాలి ఎదురుగా కొడుతోంది. గొంతు చీలిపోయి ఎవరిదో పోల్చుకోను వీల్లేకపోయింది. కాసేపటికి రెండోసారి వచ్చింది, మొదటిదానికంటే చిన్నగా.

"మూడోది రానీ" అన్నాడు మస్తానయ్య. హజరాబీ కూడా తలాడించింది. ఆమె చేతిలో తుంగ నుంచి నీళ్ళు కారుతున్నాయి. మూడోది రాలేదు. ఇద్దరూ లేచి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

తెల్లారి మస్తానయ్య మొదటి బేరానికి అవతలికి పోయి చూస్తే, రేవుగుంజకు ఆనుకుని, కాళ్ళు నీళ్ళవైపు చాపుకుని కూర్చుని ఉంది జైతూన్‌బీ. నొప్పులు ఆ గట్టుమీదే వచ్చినాయి. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అనడానికేముంది? ఊరంతా ఆ పూట ఏ రేవులో ఉన్నా అదే చేసి ఉండేది.

నలభయ్యో రోజు ఫాతెహా చదివించిన మర్నాటి నుంచి మొదలయింది. పొద్దు వాలగానే అవతల గట్టు నుంచి పిలుపు వచ్చేది. రెండే పిలుపులు. రోజూ కాదు, గాలి ఆగి నీళ్ళు నూనెలాగా నిలబడ్డ సాయంత్రాల్లో. వలలు బాగుచేసుకునేవాళ్ళు చేతులు ఆపేవాళ్ళు. కోళ్ళను గంప కింద మూసే ఆడవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయేవాళ్ళు. హజరాబీ తల్లి నాగూర్‌బీ అయితే నమాజు చాప మీదనే కళ్ళు మూసుకుని, "పిలస్తా ఉండాది మే, విన్నావా?" అనేది.

హజరాబీకి వినపడేది కాదు.

ఎంత చెవులు రిక్కించినా వినపడేది కాదు. ఊరందరికీ వినపడే చెల్లెలి గొంతు ఆమెకు ఒక్కదానికే వినపడదు. అందరి తలలూ ఒక్కసారి ఏటివైపు తిరగడం, పెదాలు తెల్లబడటం, మళ్ళీ రెండోసారి గుటక మింగడం, ఆ మొహాలను చూసి ఇప్పుడు పిలిచింది, ఇప్పుడు ఆగింది అని ఆమె తెలుసుకునేది. పక్కింటి ఆదిశేషమ్మ ఒకసారి పుల్లవిరుపుగా అననే అంది: "నీమీద అలిగిందిలే హజరా. రేవులో ఉండి కూడా పోలేదు గదా నువ్వు." ఆ పూట హజరాబీ అల్లిన చాప అంచు వంకర పోయింది.

ఏటి మీద వంతెన ఉంటే ఎవరూ ఎవరినీ పిలవాల్సిన పనే ఉండదు. ఈ మాట ఆమెకు ఎప్పుడు తోచిందో తెలీదు గాని, తోచినాక ఇంక వదల్లేదు.

* * *

ఊళ్ళో పంతులమ్మ రెబెక్కమ్మ వంతెన కోసం అర్జీలు రాయడం అంతకు ముందు నుంచే ఉంది. తాలూకాకు రాసింది, జిల్లాకు రాసింది, మంత్రిగారు బోగోలు వచ్చినారంటే అక్కడిదాకా పోయి చేతికిచ్చి వచ్చింది. అన్నిటికీ జవాబు ఒకటే, జవాబు లేకపోవడం. ఆ తర్వాత పంచాయతీ సమితులు కొత్తగా వచ్చాయి. ఈ ప్రాంతానికి జయరామయ్య అనే రైతు సమితి ప్రెసిడెంటయ్యాడు. ఆ ఏడు సమితి ఒక్క పెద్ద పనికే పూనుకుంటుందని తెలిసింది. గుల్లలదిబ్బ వంతెన ఒకటి, కామాక్షయ్య అనే మెంబరు తన ఊరి బియ్యం మిల్లుకు అడుగుతున్న రోడ్డు ఒకటి. మెంబర్లందరూ కూర్చుని ఏది కావాలో చేతులెత్తి తేల్చాలి.

రెబెక్కమ్మ ఇంకో అర్జీ రాయడానికి కాగితాలు పట్టుకుని హజరాబీ పంచలోకి వచ్చింది. వేలిముద్రలు సేకరించే పని హజరాబీది.

హజరాబీ చానాసేపు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, "ఇది వద్దు టీచరమ్మా" అంది.

"ఏది వద్దు?"

"అర్జీ. అర్జీ చదివే ఆయన గుమాస్తా గదా. చెయ్యెత్తేది ఆయన కాదు."

రెబెక్కమ్మ కళ్ళద్దాలు ముక్కుమీదికి దించి ఆమెను చూసింది. "నీకు నోరుండాదని నాకు ఇన్నాళ్ళూ తెలీదే! చెప్పు, ఇంకా చెప్పు."

హజరాబీ చాప మీద గుల్లలు పోసింది. ఒక్కో గుల్ల ఒక్కో మెంబరు. ఆ ఇళ్ళన్నీ ఆమెకు తెలుసు. చాపలు వేసింది ఆ పంచల్లోనే. ఈయన తల్లి మాట జవదాటడు. ఈయన ఎవరి మాటా వినడు గాని ప్రెసిడెంటు ఎటుంటే అటు. ఈయన కూతుర్ని సముద్రం పక్క పల్లెకిచ్చినాడు, ఆ పిల్ల పుట్టింటికి రావాలంటే ఏరు దాటాలి. ఈయన కామాక్షయ్యకు బావమరిది, ఈ గుల్ల తీసి పక్కన పెట్టెయ్యి. ఎక్కడెక్కడ ఏ మాట చెప్పాలో, ఎవరి చేత చెప్పించాలో ఆమె మెల్లగా, తప్పు చేస్తున్నదానిలాగా గొంతు తగ్గించి చెబుతూ పోయింది. అందరికీ ఒకే మాట చెప్పకూడదు. నిమ్మతోట ఉన్న ఇంట్లో జైతూన్‌బీ చావు సంగతి ఎత్తకూడదు. వాళ్ళకు చేపల వ్యాపారం కూడా ఉంది గనుక, అక్కడ చేపలబండ్లు వేగంగా గూడూరు చేరతాయని చెప్పాలి. కూతురున్న ఇంట్లో చేపల సంగతి ఎత్తకూడదు.

"అందరికంటే ముందు ఒప్పించాల్సింది మస్తానన్నను" అంది చివరికి.

"వాణ్ణెందుకు?"

"వంతెన వస్తే ఆయన పడవ ఏం గాను? 'పడవ బాగానే నడస్తా ఉంది గదా' అని రేపు కామాక్షయ్యగారు ఆయన చేతే చెప్పిస్తాడు."

రెబెక్కమ్మ ఏదో అనబోయి నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది. ఆమె తల ఏటివైపు తిరిగింది. పంచలో కూర్చున్న నాగూర్‌బీ తల కూడా తిరిగింది. వీధిలో ఎవరో బిందె దించిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. హజరాబీ ఆ ఇద్దరి మొహాలనే చూస్తూ కూర్చుంది. రెబెక్కమ్మ గొంతు దగ్గర నరం ఒకసారి ఎగిరింది. కాసేపటికి ఇంకోసారి ఎగిరింది.

"అయిపోయిందా?" అని అడిగింది హజరాబీ.

"ఆఁ" అంది రెబెక్కమ్మ. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఎక్కడున్నాం మనం? మస్తానయ్య దగ్గర గదా."

మస్తానయ్య సులభంగానే ఒప్పుకున్నాడు. హజరాబీ రేవుకు పోయి నిలబడింది. అతనే అన్నాడు: "నువ్వెందుకొచ్చినావో తెలుసులే. వంతెనకు నేను అడ్డం రాను. ఆ పొద్దు నుంచి నేను ఈ పడవలో కూర్చుంటే నాకు ఎదురుగా ఇంకో మనిషి కూర్చున్నట్టే ఉంటాంది. సముద్రంలోకి పోతా వల పట్టుకుని. అక్కడ పిలిచేవాళ్ళు ఉండరు."

ఆ వేసవంతా హజరాబీ చాపలకట్ట నెత్తిన పెట్టుకుని తిరిగింది. వినేవాళ్ళకు అది వంతెన ప్రచారమని తెలియనే తెలియదు. చాప పరుస్తూ ఒక మాట, డబ్బులకని ఆగినప్పుడు ఒక మాట. ఇంట్లో ఆడవాళ్ళే మిగతాది అల్లుకునేవాళ్ళు. ఒక్కో ఊరి నుంచి తిరిగొచ్చి ఆమె ఒక్కో గుల్లను చాప మీద ఇటువైపుకు జరిపేది. అయినా కామాక్షయ్య పక్క గుల్లలు బరువుగానే ఉన్నాయి. అటో ఇటో తేల్చేది ప్రెసిడెంటు ఒక్కడే.

జయరామయ్యకు పెళ్ళాం పోయింది. ఇంటి పెత్తనం ఆయన అక్క వెంకటశేషమ్మది. నోరు పెద్దది, మనసు మంచిది. హజరాబీ ఆమెకు పెళ్ళిచాప అల్లి తీసుకుపోయింది. దాన్ని చేత్తో తడిమి చూస్తూ వెంకటశేషమ్మ అడిగింది: "మీ ఏటి దగ్గర ఎవరో పిలస్తారంటనే. నిజమేనా?"

"అందరికీ వినపడతాదమ్మగారూ. నాకు వినపడదు."

"నీ చెల్లెలంట గదా."

హజరాబీ తల వంచుకుంది. వెంకటశేషమ్మ చాప వదిలి ఆమె మొహంలోకి చూసింది. "మా తమ్ముడు మంచోడేగాని, కాగితం మీద చూపిస్తే వాడికి ఏరు గీతలాగా కనపడతాది. వాడికేం చెప్పమంటావో చెప్పు."

"చెప్పొద్దమ్మగారూ. ఒక్క పొద్దు ఆయనను అవతల గట్టు మీద నిలబడి పడవను పిలవమనండి. మూడుసార్లు. అంతే."

"పిలిస్తే?"

"మూడోది పిలిచేదాకా మేం పోము. అందరికీ ఎట్టనో ఆయనకూ అట్టనే."

వెంకటశేషమ్మ పెద్దగా నవ్వింది. "సమితి ప్రెసిడెంటును గట్టుమీద నిలబెట్టి అరిపిస్తావా! మే, నిన్ను చూసి నోట్లో నాలిక లేదనుకుంటినే. సరే, పంపిస్తా. చిట్టమూరు నుంచి వచ్చేటప్పుడు జీపు అటు తిప్పమంటాలే."

రెబెక్కమ్మ ఈ సంగతి విని బడిపిల్లల చేత దండలు కట్టిస్తానని కూర్చుంది. "ప్రెసిడెంటు వస్తుంటే తప్పెటైనా లేకపోతే ఎట్టా?"

"దండలుంటే ఆయన మనల్ని చూస్తాడు టీచరమ్మా, ఏటిని చూడడు" అంది హజరాబీ. "ఎవరూ రావొద్దు. నేనూ మస్తానన్నా చాలు."

* * *

ఆ సాయంత్రం గాలి లేదు. పోటు మొదలయి నీళ్ళు చప్పుడు లేకుండా మడచెట్ల మొదళ్ళలోకి పాకుతున్నాయి. పడవలో ప్రెసిడెంటు కూర్చోవడానికని హజరాబీ కొత్త చాపలు రెండు పరిచింది. అవతల దూరంగా జీపు దీపాలు వెలిగి, ఇసక మొదట్లో ఆగి, ఆరిపోయాయి. అక్కడి నుంచి గట్టుకు కాలినడకే. మసకలో మనిషి కనపడలేదు.

ఇద్దరూ కాచుకుని ఉన్నారు. మస్తానయ్య బీడీ ముట్టించి, తాగకుండానే పారేశాడు.

"ఓ... పడవా..."

హజరాబీ ఉలిక్కిపడింది. నీళ్ళ మీదుగా స్పష్టంగా వచ్చింది. ఆడగొంతో మగగొంతో చెప్పలేం. సన్నగా, సాగదీసినట్టు ఉంది. వచ్చినాడు అనుకుంది. ఒకటి అయింది.

రెండోది వచ్చింది.

"ఇంకొక్కటి" అంది ఆమె గుసగుసగా.

ఇద్దరూ మూడోదానికోసం ఆగారు. నీళ్ళు గట్టు రాళ్ళను తాకి వెనక్కి పోతున్నాయి. అవతల చీకటి ముద్దగా ఉంది. ఎంతసేపు చూసినా మూడోది రాలేదు.

"అన్నా, ఆయన ఎందుకు పిలవడంలేదు?"

"ఆయన కాదు అది" అన్నాడు మస్తానయ్య. ఆమె తిరిగి అతని మొహం చూసింది. ఆ మొహం ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళుగా ప్రతి ఒక్కరిలో చూసిన మొహమే. పెదాలు తెల్లబడి, కళ్ళు ఏటికి అతుక్కుపోయి. "ఎప్పుడూ వచ్చేదే. ఆయనింకా రాలేదు. వస్తే పిలస్తాడు. కూర్చో."

"కాదన్నా. నాకు వినపడింది."

"అందరికీ వినపడతాది."

"నాకు ఎప్పుడూ వినపడదు గదా! నీకు తెలీదా? ఇయ్యాల నాకు వినపడింది. అందుకే అంటా ఉండా, అది బతికున్న మనిషే. పిలిచి ఆగిపోయినాడు. ఏదో అయింది. లెయ్యి."

"మూడోది రాలేదే హజరా."

"ఆ పొద్దూ రాలేదు" అంది ఆమె.

మస్తానయ్య కట్టు విప్పాడు. అతని వంశంలో రెండు పిలుపులకే పడవ తీసినవాడు లేడు. గెడ బురదలో దిగిన ప్రతిసారీ అతను లోపల ఏదో జపించుకుంటున్నాడు. హజరాబీ ముందు కూర్చుని చీకట్లోకి చూస్తోంది. ఏటి మధ్యకు వచ్చేసరికి చల్లబడింది. వేసవి సాయంత్రాల చల్లదనం కాదు అది. తడిబట్ట వీపుకు అంటుకున్నట్టు ఉంది. పడవ ఇద్దరి బరువుకు మునగాల్సిన దానికంటే కాస్త ఎక్కువ మునిగి నడుస్తున్నట్టు మస్తానయ్యకు తోచింది. అతను వెనక్కి చూడలేదు.

గట్టు దగ్గరికి వస్తే మనిషి లేడు. రేవుగుంజ ఒక్కటే ఉంది. "చెప్పినానా?" అని మస్తానయ్య పడవ తిప్పబోయాడు. అప్పుడు హజరాబీకి గుంజకు ఎడంవైపున, మడచెట్ల కింద, తెల్లగా ఏదో కదిలినట్టు కనపడింది.

జయరామయ్య పైపంచె అది. ఆయన ఊబిలో రొమ్ముల లోతు దిగబడి ఉన్నాడు. పోటు నీళ్ళు భుజాల దాకా వచ్చాయి. నోరు తెరిచి ఉంది గాని అందులోంచి మాట రావడంలేదు. హజరాబీ పడవలోని చాపలు లాగి బురద మీద పరిచింది. చాప మీద బోర్లా పడుకుని ఆయన చంకల కింద చేతులు వేసింది. మస్తానయ్య గెడ అందించి, ఆమె కాళ్ళు పట్టుకుని లాగాడు. బురద ఆయనను పెద్ద చప్పుడు చేసి వదిలింది.

పడవలో వెల్లకిలా పడుకుని ఆయన చాలాసేపు ఎగపోశాడు. ఊపిరి కుదుటపడ్డాక అడిగిన మొదటి మాట: "మీకెట్టా తెలిసింది?"

"పిలిచినారు గదయ్యా" అన్నాడు మస్తానయ్య.

"నేనా?"

"రెండుసార్లు."

జయరామయ్య లేచి కూర్చున్నాడు. బురద కారుతున్న మొహంతో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నేను పిలవలేదు. గట్టు మీద నిలబడి పిలుద్దామని మడచెట్ల పక్కకు జరిగినాను, కాలు దిగిపోయింది. ఆ పడటంతోనే గొంతు పట్టుకుపోయింది. ఒక్క కేక కూడా రాలేదు నాకు. దేవుడి సాక్షిగా నేను పిలవలేదు."

నీళ్ళు పడవను తడుతున్నాయి. హజరాబీ బురదచేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆమెకు ఏడుపు వచ్చింది గాని అది దుఃఖమో ఇంకేమిటో ఆమెకే అర్థం కాలేదు. విన్నాను అనుకుంది. అంతే. విన్నాను.

జీపు డ్రైవరు లాంతరు పట్టుకుని గట్టుమీదికి వచ్చాడు. ఇసక మొదట్లోనే ఉన్నాననీ, ఆడగానీ మగగానీ ఎవరూ పిలవలేదనీ, పిలిస్తే తనకు వినపడకుండా ఎట్టా ఉంటుందనీ అన్నాడు.

* * *

సమితి మీటింగు సంగతంతా వెంకటశేషమ్మ తర్వాత హజరాబీకి చెప్పింది. కామాక్షయ్య లేచి, "ప్రెసిడెంటుగారు ఏటి బురదలో స్నానం చేసొచ్చినప్పటి నుంచి వంతెన, వంతెన అంటా ఉండారు. ఏటి గాలి సోకినట్టుండాది" అన్నాడట. అందరూ నవ్వారట. జయరామయ్య నవ్వలేదట. కోపం కూడా తెచ్చుకోలేదట. మిల్లుకు ఇప్పటికే బండ్లు పోతున్నాయనీ, గుల్లలదిబ్బకు ఏ బండీ పోదనీ, ఆ రెండు ముక్కలే చెప్పి చేతులెత్తమన్నాడట. కూతుర్ని సముద్రం పక్క ఇచ్చినాయన చెయ్యెత్తాడు. నిమ్మతోట ఆయన ఎత్తాడు. తల్లి మాట జవదాటనాయన అటూ ఇటూ చూసి ఎత్తాడు. కామాక్షయ్య బావమరిది ఎత్తలేదు. వంతెనే గెలిచింది.

"ఓవర్సీరు ఇంకో మాటన్నాడంట" అంది వెంకటశేషమ్మ. "పైన ఏరు సన్నగా ఉండే చోట కడితే ఖర్చు తక్కువని. మావాడు రేవు దగ్గరే కట్టాల అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకూ చెప్పలేదు. పొద్దుగూకితే వాకిట్లోకి వచ్చి నిలబడి ఏదో వింటున్నట్టు ఉంటాడు. ఏం చేసినావే నా తమ్ముణ్ణి?"

హజరాబీ నవ్వీ నవ్వనట్టు నవ్వింది.

ఆమె తిరిగి రేవుకు వచ్చి ఇవతలికి దాటేసరికి పొద్దువాలింది. వంతెన వస్తున్న సంగతి మస్తానయ్యకు చెప్పింది. అతను "కానీ" అని పడవను గుంజకు కట్టబోతుంటే, అవతల గట్టు నుంచి వచ్చింది.

"ఓ... పడవా..."

ఇద్దరూ విన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మస్తానయ్య చేతిలోని తాడు అలాగే వదిలి గెడ తీసుకున్నాడు. హజరాబీ మళ్ళీ పడవెక్కింది. రెండోదానికోసం ఆగలేదు.

అవతల గట్టున ఆ ఊరి ఏసుమణి ఉన్నాడు, గూడూరు నుంచి నిమ్మకాయల బుట్టతో దిగినవాడు. చుట్ట ముట్టించుకుంటున్నవాడల్లా పడవ ముక్కు ఎదురుగా కనపడేసరికి అగ్గిపుల్ల జారవిడిచాడు.

"ఏంది మస్తానన్నా, ఇయ్యాల గాలిలో వచ్చినావా? ఇప్పుడే గదా నేను దిగింది! చుట్ట అంటించుకుని, గొంతు సవరించుకుని పిలుద్దామనుకుంటిని. మూడు కేకలెయ్యాలంటే ఓపిక తెచ్చుకోవాల గదా."

"పిలవలేదా నువ్వు?"

"పిలిస్తేగదా! కావాలంటే ఇప్పుడు పిలస్తా, ఉండు, వినిపోదువు."

"వద్దులే, ఎక్కు" అన్నాడు మస్తానయ్య.

వంతెన కట్టడానికి రెండు వానాకాలాలు పట్టింది. అన్నాళ్ళూ పొద్దుగూకినాక కూడా గుల్లలదిబ్బ పడవ మొదటి పిలుపుకే కదిలింది. హజరాబీ రేవులో తుంగ నానబెడుతూ ఉంటే మస్తానయ్య కంటే ముందు ఆమెకే వినపడేది. "అన్నా, పో" అనేది, తల ఎత్తకుండానే. పోయిన ప్రతిసారీ అవతల ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. జ్వరంతో ఒక పిల్ల, బస్సు తప్పిన ఒక ముసలాయన, నెలలు నిండిన ఒక ఆడమనిషి. మేమింకా పిలవనే లేదే అనేవాళ్ళు కొందరు. ఒక్క పొద్దు కూడా ఆ గట్టు ఖాళీగా లేదు.